పాత బోర్డుల దుమ్ములో సీసం

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోని పాత సామాన్ల దుకాణాలకు ఇప్పుడు ఇనుము, అట్టపెట్టెలతో పాటు పాడైన టీవీలు, ఇన్వర్టర్లు, కంప్యూటర్లు కూడా చేరుతున్నాయి. 2022లో ప్రపంచమంతటా పోగైన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకెక్కినది 22.3 శాతమే. మిగిలిన దానిలో కొంత భాగాన్ని విడదీసేది ఉత్త చేతులే.

వాటిలోని సర్క్యూట్ బోర్డును పొయ్యి మీద వేడిచేసి, చిప్పులను దానికి అతికించి ఉంచే లోహం, అంటే టంకం, కరగగానే పట్టకారుతో చిప్పులు లాగేస్తారు. పాత బోర్డుల టంకంలో సాధారణంగా 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉంటాయి; అది 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆ వేడికి సీసం పెద్దగా ఆవిరి కాదు. ముక్కుకు ఘాటుగా తగిలే పొగ ఎక్కువగా టంకంతో వాడే రోజిన్ అనే చెట్టు బంకది, కాలే ప్లాస్టిక్‌ది. ఉబ్బసం తెచ్చిపెట్టే గుణం రోజిన్ పొగకు ఉంది. సీసం మాత్రం సన్నని పొడిగా బల్ల మీద, గోళ్ల సందుల్లో, చొక్కా మడతల్లో చేరి, అక్కడే వెలిగించిన బీడీతోనో, కడగని చేత్తో తిన్న అన్నంతోనో కడుపులోకి పోతుంది. అందుకే ముఖానికి గుడ్డ కట్టుకున్నంత మాత్రాన సీసం ఆగదు. రాగి కోసం వైర్లు కాల్చే చోట ముప్పు వేరు: వైరు మీది పీవీసీ ప్లాస్టిక్ తొడుగు నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆమ్ల వాయువు, డయాక్సిన్లనే విష రసాయనాలు వెలువడతాయి, డయాక్సిన్లు పుట్టడానికి ఆ రాగే ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది.

సీసం ఒంట్లో పేరుకుంటే కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం, రక్తహీనత, కీళ్లనొప్పులు, రక్తపోటు కనిపిస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ సీసానికే ప్రత్యేకం కాదు. పైగా నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నేల. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఎవరైనా కీళ్లు పట్టేశాయంటే నీళ్ల వల్లనే అనుకోవడం సహజం, చాలాసార్లు అది నిజం కూడా. బోర్డులు విప్పే మనిషి విషయంలో అంతటితో ఆగిపోతే రెండో కారణం మరుగున పడుతుంది. సిర నుంచి తీసిన రక్తంలో సీసం ఎంతుందో కొలవవచ్చు. డెసీలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. రక్తంలోని సీసం సుమారు నెలకు సగమవుతుంది, ఎముకల్లో చేరినది దశాబ్దాలు నిలుస్తుంది.

అదే చొక్కాతో ఇంటికి వెళితే పిల్లలకూ అంటుతుంది. కడుపులోకి పోయిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది, ఇనుము లోపం ఉంటే మరింత ఎక్కువ.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు కార్మికుల నమోదును, వారి ఆరోగ్యంపై పర్యవేక్షణను రాష్ట్రాల బాధ్యతగా పేర్కొన్నాయి. పేరు బోర్డు కూడా లేని దుకాణంలో రోజుకూలీకి పనిచేసేవారు ఆ నమోదులోకి ఎలా వస్తారన్నది నాకు అంతుపట్టదు. అంతవరకు చేయగలిగినవి చిన్న పనులే: పొడి చీపురుకు బదులు తడిగుడ్డ, తినేముందు సబ్బుతో చేతులు కడగడం, పనిబట్టలు దుకాణంలోనే విడవడం. ఒంట్లోని సీసాన్ని బయటకు లాగే మందులున్నా, అదే దుమ్ములో పనిచేస్తూ వాటిని వాడితే ఫలితం నిలవదు కాబట్టి, వైద్యులు ముందుగా రోగిని ఆ పని నుంచి తప్పిస్తారు.