ఫ్యూయల్ సెల్ పొరల గురించి అపోహలు - వాస్తవాలు

ఫ్యూయల్ సెల్ హైడ్రోజన్, ఆక్సిజన్‌ల చర్యతో విద్యుత్తు ఇస్తుంది; దాని రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ప్రోటాన్లను మాత్రం దాటనిచ్చే పాలిమర్ పొర ఉంటుంది. అలా ప్రోటాన్‌ను మోసే పాలిమర్లపై వరంగల్‌లో పనిచేస్తున్న నాకు, ప్రాజెక్టుల కోసం వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థుల దగ్గర ఈ అపోహలు తరచుగా కనిపిస్తాయి.

అపోహ: పొరలోని సన్నని రంధ్రాల గుండా ప్రోటాన్లు జల్లెడలోంచి పిండి రాలినట్టు దాటిపోతాయి.

వాస్తవం: ఈ సెల్‌లలో బాగా వాడే పాలిమర్ అయిన నాఫియాన్ పొరలో అటువంటి శాశ్వత రంధ్రాలు లేవు. టెఫ్లాన్‌ను పోలిన ప్రధాన శృంఖలానికి పక్కగా ఉండే సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు నీటిని చుట్టూ చేర్చుకుని, కొద్ది నానోమీటర్ల వెడల్పున్న దారులను ఏర్పరుస్తాయి. ప్రోటాన్ నీటి అణువుతో కలిసి కదులుతుంది, లేదా ఒక అణువు నుంచి మరొక దానికి మారుతూ సాగుతుంది. నీరు తగ్గితే వాహకత పడిపోతుంది. మే నెలలో మన దగ్గరి పొడి గాలిని తేమ పట్టించకుండా సెల్‌లోకి పంపి, పొర నాసిరకమని తేల్చడం సరికాదు.

అపోహ: పొర ఎంత పలుచనైతే అంత మంచిది.

వాస్తవం: సుమారు 180 మైక్రోమీటర్ల నాఫియాన్ 117 కంటే 50 మైక్రోమీటర్ల 212 రకంలో నిరోధం తక్కువే, కానీ హైడ్రోజన్ అవతలికి చొరబడటం ఎక్కువ.

అపోహ: పాలిమర్ పని మధ్య పొరతో ముగుస్తుంది, ఎలక్ట్రోడ్‌లో ఉత్ప్రేరకమైన ప్లాటినం పెంచితే చాలు.

వాస్తవం: నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. వాయువు, ఎలక్ట్రాన్, ప్రోటాన్ మూడూ చేరగలిగిన చోటే చర్య సాగుతుంది. ఎలక్ట్రాన్లను కార్బన్ మోస్తుంది, వాయువు ఖాళీల గుండా వస్తుంది, ప్రోటాన్లను చేరవేసేది మాత్రం ఐయోనోమర్ అనే అదే జాతి పాలిమర్. అది అందని ప్లాటినం కణం చాలావరకు పనిలేకుండా ఉండిపోతుంది. అలాగని ఐయోనోమర్ ఎక్కువ వేస్తే ఖాళీలు పూడి ఆక్సిజన్‌కు దారి మూసుకుపోతుంది; పైగా దానిలోని సల్ఫోనేట్ (ప్రోటాన్ వీడిన సల్ఫోనిక్) సమూహాలు ప్లాటినం ఉపరితలాన్ని ఆక్రమించి కాథోడ్ (ఆక్సిజన్ వైపు ఎలక్ట్రోడ్) చర్యను నెమ్మదింపజేస్తాయి. ఐయోనోమర్, కార్బన్ బరువుల నిష్పత్తి తరచుగా 0.6 నుంచి 1 మధ్య ఉంటుంది. కార్బన్ రకాన్ని బట్టి అది మారుతుంది. ఆ నిష్పత్తి రాయకుండా ప్లాటినం పరిమాణం మాత్రమే ఇచ్చిన రిపోర్టు నాకు అసంపూర్ణమే.

అపోహ: పొరను ఏ నీటితో కడిగినా ఒకటే.

వాస్తవం: కాఠిన్యం ఉన్న బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు సల్ఫోనిక్ సమూహాల దగ్గర ప్రోటాన్ల స్థానాన్ని ఆక్రమిస్తాయి. పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేడిచేసి, డీఅయనైజ్డ్ నీటితో కడిగితే వాటిని చాలావరకు తొలగించవచ్చు. ఇనుము చేరితే ప్రమాదం వేరు: సెల్‌లో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అది హైడ్రాక్సిల్ రాడికల్స్‌గా విడగొడుతుంది, అవి పాలిమర్ శృంఖలాన్నే తెంచుతాయి, ఆ నష్టానికి ఆమ్లంతో కడగడం మందు కాదు. అందువల్ల తడి పొరను పట్టుకునే పట్టుకారు ప్లాస్టిక్‌ది వాడండి.