‘కేసైతే ఉద్యోగం రాదప్పా, తీసెయ్’: తిరుపతి కుర్రకారు భయానికి వెనకున్న చరిత్ర

ఈ మధ్య ఒక సాయంత్రం తిరుపతిలో టీ బంకు దగ్గర పీజీ చదివే కుర్రాడొకడు తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. వాట్సాప్ స్టేటస్ కోసం నాలుగు వరుసలు రాసుకున్నాడు. హాస్టల్లో మూడు రోజులుగా నీళ్ళు సరిగా రావడం లేదని, అడిగితే పట్టించుకునేవాళ్ళు లేరని. బూతు లేదు, ఎవరి పేరూ లేదు. "పెట్టనా అన్నా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న స్నేహితుడు అందుకున్నాడు. "ఎందుకు మచ్చా, ఎవడన్నా స్క్రీన్‌షాట్ తీసి పంపితే? గ్రూప్స్‌కి ప్రిపేర్ అవతా ఉండావు. కేసైతే ఉద్యోగం రాదప్పా, తీసెయ్."

కుర్రాడు ఒక్కో అక్షరమే చెరిపేశాడు. అతన్ని ఏ పోలీసూ పిలవలేదు, ఏ అధికారీ బెదిరించలేదు. అయినా మాట ఆగిపోయింది. సెన్సారు గురించి ఇక్కడి పిల్లలతో ఎప్పుడు మాట్లాడినా రెండో వాక్యంలోనే సర్కారు ఉద్యోగం మాట వస్తుంది. ఈ భయానికి చాలా పాత వేర్లు ఉన్నాయి.

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. ఆ వేడిలో ట్రెయినింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ సహించలేదు. ముందు నిలబడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. ప్రభుత్వ ఉద్యోగానికి కూడా పనికిరాడన్నారు. అంటే ఇప్పటి మన కుర్రాడి భయం ఆయనకు నిజంగానే జరిగింది. మరుసటి ఏడాదే ఆయన బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపారు. తిరునల్వేలి కాల్పులను ఖండిస్తూ వచ్చిన వ్యాసానికి రాజద్రోహం కేసు పెట్టి వేలూరు జైలుకు పంపారు. చిత్తూరులో బస్సెక్కితే గంటలో దిగే ఊరది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు.

మన జిల్లా కథ అంతకంటే దగ్గరిది. 1910 ప్రెస్ చట్టం ప్రకారం పత్రిక నడపాలంటే సర్కారు దగ్గర ధరావతు కట్టాలి, రాసింది నచ్చకపోతే ఆ డబ్బు పోయినట్టే. అనిబిసెంట్ నడిపిన ‘న్యూ ఇండియా’ 1916లో రెండు వేల రూపాయల ధరావతు పోగొట్టుకుంది. మళ్ళీ అచ్చు వేయాలంటే పదివేలు కట్టమన్నారు. 1917 జూన్‌లో ఆమెనే నిర్బంధించారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో ఆమె పెట్టిన కాలేజీ హోంరూల్ ఉద్యమంలో పాలుపంచుకున్నందుకు మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోగొట్టుకుంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆ కాలేజీలోనే. ఆ సంగతి ఇక్కడ ప్రతి బడిలోనూ గర్వంగా చెబుతారు. గుర్తింపు ఎందుకు పోయిందో మాత్రం చెప్పరు. అదీ చెప్పాలి.

చిత్తూరు పక్కనే కట్టమంచి ఉంది. ఆ ఊరి సి.ఆర్.రెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉంటూ, ఉప్పు సత్యాగ్రహ కాలంలో సర్కారు సాగించిన అణచివేతకు నిరసనగా 1930లో రాజీనామా చేశారు. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి మాట కోసం కుర్చీ వదిలేసిన ఘటన అది. ఇప్పటి పిల్లలకు ఇలాంటి పెద్దలు కళ్ళముందు కనబడటం లేదన్నది నా బాధ.

స్వాతంత్ర్యం వచ్చాక వాక్ స్వాతంత్ర్యం మీద సుప్రీంకోర్టుకు చేరిన తొలి కేసుల్లో ఒకటి మన మద్రాసు రాష్ట్రానిదే. చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు దాకా అందులోనే ఉంది. బొంబాయి నుంచి వచ్చే ‘క్రాస్ రోడ్స్’ అనే వామపక్ష వారపత్రిక రాష్ట్రంలోకి రాకూడదని 1950 మార్చిలో మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. శాంతిభద్రతల కోసమన్నది కారణం. సంపాదకుడు రొమేశ్ థాపర్ కోర్టుకెక్కారు. వాక్ స్వాతంత్ర్యాన్నిచ్చే రాజ్యాంగంలోని 19వ అధికరణం అప్పటికి పసిపిల్ల, అమల్లోకి వచ్చి నాలుగు నెలలు. మే 26న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. రాజ్య భద్రతకే ముప్పు వస్తే తప్ప, మామూలు శాంతిభద్రతల పేరుతో పత్రికను ఆపడానికి వీల్లేదంది.

ఆ గెలుపు ఏడాది నిలిచింది. తొలి సాధారణ ఎన్నికలైనా జరగకముందే, 1951 జూన్‌లో, మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. ఆ హక్కు మీద ఏయే ఆంక్షలు పెట్టొచ్చో చెప్పే 19(2)లో ‘శాంతిభద్రతలు’, ‘నేరానికి ప్రేరేపించడం’, ‘విదేశాలతో స్నేహ సంబంధాలు’ చేరాయి. ఆంక్ష ‘సహేతుకం’గా ఉండాలన్న మాట కూడా అప్పుడే చేరింది. కోర్టులో పౌరుడికి ఇప్పటికీ అండగా నిలిచేది ఆ ఒక్క మాటే. వాక్ స్వాతంత్ర్యం అనగానే "ఏదైనా అనొచ్చు" అనే కుర్రాళ్ళూ, "మనకు అలాంటిదేమీ లేదు" అనే కుర్రాళ్ళూ ఇద్దరూ ఈ 19(2) చదవాలి.

సినిమా సంగతి క్లుప్తంగా చెబుతాను. ముందే చూసి, కత్తిరించి విడుదల చేయించే పద్ధతి బ్రిటిష్ వాళ్ళు 1918లో చేసిన చట్టంతో వచ్చింది. 1952 చట్టం దాన్ని కొనసాగించింది. అది చెల్లుతుందని 1970లో కె.ఎ.అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. థియేటర్లో మూగబోయిన మాట ఫోన్‌లో ఓటీటీలో గట్టిగా వినబడుతుంటే, ఇరవై ఏళ్ళవాళ్ళకు ఆ కత్తెర అర్థంలేనిదిగా తోస్తుంది. వాళ్ళ వాదన తీసిపారేయదగింది కాదు. ఎమర్జెన్సీ మాత్రం వాళ్ళకు తాతల కాలం ముచ్చట. 1975 జూన్ నుంచి 1977 దాకా వార్త అచ్చుకు ముందే అధికారి చూసేవాడంటే నమ్మలేనట్టు చూస్తారు.

వాళ్ళ తరానికి నిజంగా తగిలింది 66ఎ. సమాచార సాంకేతిక చట్టంలో 2008 సవరణతో చేరి, 2009 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో పెట్టింది ఎవరికైనా చిరాకు, అసౌకర్యం కలిగిస్తే మూడేళ్ళ దాకా జైలు. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణం తర్వాత ముంబయి బంద్ మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒకమ్మాయినీ, దాన్ని లైక్ చేసినందుకు ఇంకో అమ్మాయినీ మహారాష్ట్రలో అరెస్టు చేశారు. న్యాయశాస్త్రం చదవబోతున్న శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ నారీమన్ 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేశారు. చర్చించడం వేరు, ఒక వాదాన్ని సమర్థించడం వేరు, ఉసిగొల్పడం వేరు, మూడోదాని దాకా వస్తేనే చట్టం కలగజేసుకోవాలన్నది తీర్పు సారం. చలమేశ్వర్ కృష్ణా జిల్లా తెలుగువారు. ఇంత పెద్ద తీర్పులో మనవాడి చేయి ఉందని చెబితే పిల్లల మొహాలు వెలిగిపోతాయి.

అయితే చచ్చిన సెక్షన్ కింద కేసులు ఆ తర్వాతా నడిచాయి. 66ఎ కింద ఎవరినీ విచారించొద్దని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. కోర్టులో కొట్టేసిన మాట స్టేషన్ దాకా దిగడానికి ఏడేళ్ళు చాలలేదు.

రాష్ట్రంలో పార్టీలు మారినా ఈ విషయంలో పెద్ద తేడా లేదు. 2019 అక్టోబరు 30న వచ్చిన జీవో 2430 తప్పుడు వార్తల పేరుతో మీడియాపై కేసులు వేసే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2023 జనవరిలో జీవో 1 రోడ్ల మీద సభలను కట్టడి చేసింది. అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబును తన సొంత నియోజకవర్గం కుప్పంలోనే ఆ జీవో చూపి పోలీసులు అడ్డుకున్నారు. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ నవంబరులో సోషల్ మీడియా పోస్టుల మీద రాష్ట్రమంతటా కేసులు, నోటీసులు మొదలయ్యాయి. అటువైపు వాళ్ళు స్వేచ్ఛ అన్నది ఇటువైపు వాళ్ళకు నేరమైంది. ఇది చూస్తూ పెరిగిన పిల్లలకు ఎవరి మీద నమ్మకం కుదురుతుంది?

తిరుపతిలో ఇంకో చిక్కు ఉంది. కొండ. మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడాన్ని నేరం చేసిన భారత శిక్షాస్మృతి సెక్షన్ 295ఎ 1927లో వచ్చింది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. అది చెల్లుతుందని 1957లోనే సుప్రీంకోర్టు అంది. తిరుమలలో రాజకీయ ప్రసంగాలు చేయకూడదని 2024 నవంబరులో టీటీడీ నిర్ణయించింది. గుడి ముందు రీల్స్ తీయొద్దంటుంది. ప్రభుత్వాన్ని విమర్శించే హక్కు కోసం గట్టిగా వాదించే పిల్లలే ఈ నిషేధాలను సమర్థిస్తారు. "స్వామి దగ్గర గూడా మైకేందన్నా?" అంది ఒకమ్మాయి. నాకది రెండు నాలుకల ధోరణిగా అనిపించలేదు. ఈ ఊళ్ళో పుట్టిన వాళ్ళకు కొండ మీద మౌనం వేరు, కొండ కింద నోరు మూయించడం వేరు. కొండ మీది నియమం కిందికి జారి, ప్రతి ఎగతాళీ కేసయ్యేచోటే నా భయమంతా.

మాట్లాడే అలవాటు పోవడానికి మరో కారణమూ ఉంది. మన కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. గొడవలు నిజమే. కానీ నీళ్ళ సంగతి నిలబడి అడగడానికి ఒక ప్రతినిధి ఉండేవాడు. ఇప్పుడు మిగిలింది స్టేటస్ ఒక్కటే.

ఆ సాయంత్రం టీ బంకు దగ్గర ఇదంతా చెప్పలేదు. ఒక్క తీర్పు మాత్రం చెప్పాను. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల గడి ఉంటుంది, అతని భయమంతా ఆ గడిదే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ గడి గురించే మాట్లాడింది. నిజం రాయడం తప్పనిసరి అంది. అయితే చిన్న వయసులో నినాదాలు చేసినలాంటి చిల్లర కేసులో శిక్షపడి, దాన్ని దాచినా సరే, ఉద్యోగమిచ్చేవారు తమ విచక్షణ మేరకు దాన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చంది. మాట మీద వచ్చే ఫిర్యాదుల్లో మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరాలైతే, ఎఫ్‌ఐఆర్ కట్టేముందు ప్రాథమిక విచారణ చేయడం మంచిదని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా కలిపాను.

"ఇవి తెలుగులో యాడ దొరకతాయన్నా?" అన్నాడు. చూసి చెబుతానన్నాను.

రాత్రి పదిన్నరకు అతని స్టేటస్ వచ్చింది. నాలుగు వరుసల్లో రెండే ఉన్నాయి. నీళ్ళ మాట ఉంది, పట్టించుకోలేదన్న మాట లేదు.