బెళ్లందూరు నురగలో మన వాటా ఎంత?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే మన తెలుగువాళ్లని బెళ్లందూరు చెరువు గురించి అడగండి, ముందు నురగ గురించి చెప్తారు, ఆ వెంటనే ఫ్యాక్టరీలని తిడతారు. ఫ్యాక్టరీల పాపం లేదనను. కానీ అందులోకి చేరేదాంట్లో ఎక్కువ భాగం మన వంటింటి సింకు, బాత్రూం, వాషింగ్ మెషీన్ నీళ్లే.

బెంగళూరు పెద్ద నది ఒడ్డున పుట్టలేదు. అందుకే పాతకాలం వాళ్లు చెరువులు తవ్వి, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా రాజకాలువలు తీశారు. కోరమంగళ-చల్లఘట్ట లోయలో పడ్డ వాన బెళ్లందూరుకి, అక్కణ్ణుంచి వర్తూరుకి, ఆపైన దక్షిణ పినాకిని నదికి పోతుంది. 1890ల్లో హెసరఘట్ట నుంచి, 1930ల్లో తిప్పగొండనహళ్లి నుంచి పైపు నీళ్లొచ్చాయి, 1974లో కావేరి వచ్చింది. దాదాపు 100 కిలోమీటర్ల నుంచి మోటార్లతో ఎత్తి తెచ్చారు, బాగానే ఉంది, కానీ ఇంట్లో వాడిన నీళ్లలో సుమారు 80 శాతం మురుగై బయటికొస్తుందని ఇంజనీర్లే లెక్క వేస్తారు కదా, దాన్ని మోసే పైపులు, శుద్ధిచేసే ప్లాంట్లు మాత్రం ఎప్పుడూ వెనకబడే ఉన్నాయి. 2007లో నగరంలో కలిసిన శివార్లలో అయితే అపార్ట్‌మెంట్లు ముందు లేచాయి, యూజీడీ, అంటే భూగర్భ మురుగు పైపులు, తర్వాతెప్పుడో. ఈలోపు మురుగు రాజకాలువ దారి పట్టింది.

డిటర్జెంట్లలో మురికిని వదిలించి నురగ తెప్పించే రసాయనాలు, అంటే సర్ఫాక్టెంట్లు, ఆక్సిజన్ లేని నీళ్లలో సరిగ్గా విరగవు, అడుగు బురదకి పట్టుకుని ఉండిపోతాయి. పెద్ద వానకి ఆ బురద కదులుతుంది, అలుగు దగ్గర నీళ్లు దూకేచోట గాలి కలిసి నురగ లేస్తుంది. నైట్రోజన్, ఫాస్ఫేట్లేమో గుర్రపుడెక్కకి ఎరువు. ఇక తొలకరి వాన సంగతి సరేసరి, రోడ్ల మీది నూనె, టైర్ల పొడి, చెత్త అంతా ఒక్క ఊపులో కాలువలోకి నెడుతుంది.

2015లో నురగకి మంటలంటుకున్నాయి. 2017లో, 2018లో మళ్లీ మంటలే. 2018 డిసెంబరులో గ్రీన్ ట్రిబ్యునల్ చెరువుల బాగు కోసం రూ. 500 కోట్లు పక్కన పెట్టమంది, పైగా రూ. 50 కోట్ల జరిమానా వేసింది. అదే ఏడాది నుంచి ఈ లోయ మురుగుని శుద్ధిచేసి కోలారు చెరువులకి పంపుతున్నారు. అక్కడ ఇళ్లలో తెలుగు మాట్లాడే రైతులు బోర్లలో నీళ్లు పెరిగాయని సంతోషపడుతూనే, సూక్ష్మజీవులతో చేసే రెండో దశ శుద్ధితో ఆపకుండా, మిగిలిన మలినాల్నీ తీసే మూడోది కూడా చెయ్యండని అడుగుతున్నారు. న్యాయమైన కోరికే.

2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలైంది, ముఖ్యంగా ఆ శివారు పల్లెల కోసమే, రోజుకి 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో. అదే 80 శాతం లెక్కన, అన్నీ ఇళ్లకి చేరితే అదనంగా 62 కోట్ల లీటర్ల మురుగు.