ఇల్లు చల్లగా ఉండాలంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

వేడి ప్రాంతాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది, ఏసీ ఎన్ని టన్నులది కావాలని. నేను మాత్రం ముందు స్థలంలో పడమర ఎటుందో చూస్తాను.

అపోహ: గోడ ఎంత మందమైతే ఇల్లు అంత చల్లన.

వాస్తవం: మందపాటి గోడ వేడిని ఆపేయదు, ఆలస్యం చేస్తుంది. 9 అంగుళాల ఇటుక గోడకు మధ్యాహ్నం తగిలిన ఎండ లోపలి వైపుకు చేరేసరికి చీకటి పడిపోతుంది. రాత్రిళ్లు బాగా చల్లబడే పొడి ప్రాంతాల్లో ఇది మేలే. కిటికీలు తెరిస్తే తెల్లారేసరికి గోడ చల్లారిపోతుంది. రాత్రయినా ఉక్కపోత తగ్గని తీరప్రాంతాల్లో మాత్రం సరిగ్గా నిద్రపోయే వేళకే అది సెగలు కక్కుతుంది. అలాంటి చోట పడకగదికి తేలికపాటి గోడ, నీడ, గాలి కావాలి.

అపోహ: దళసరి కర్టెన్ వేస్తే ఎండ ఆగిపోతుంది.

వాస్తవం: వెలుతురు ఆగుతుంది. ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది కాబట్టి కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. నీడ అద్దానికి బయట పడాలి. దక్షిణం కిటికీకి సజ్జా చాలు. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఉత్తరం వైపూ వేయాలి. పడమరతోనే చిక్కంతా. సాయంత్రపు ఎండ ఏటవాలుగా సజ్జా కిందినుంచే దూరుతుంది. అటు కిటికీలు తగ్గించండి, లేదా బయట తడికో చెట్టో అడ్డుపెట్టండి. కొత్తలో నేనూ ఒక ఇంటికి పడమర వైపు పెద్ద అద్దం పెట్టాను. ఏడాది తిరక్కుండానే ఇంటివాళ్లు బయట వెదురు చాప కట్టుకున్నారు. నా డ్రాయింగ్‌లో ఉండాల్సింది అదే!

అపోహ: పైకప్పు వేడికి ఫాల్స్ సీలింగే మందు.

వాస్తవం: కొంత ఉపశమనం ఉంటుంది. కానీ శ్లాబు అప్పటికే కాలిపోయి ఉంటుంది. ఇన్సులేషన్, అంటే వేడిని అడ్డుకునే పొర, శ్లాబు పైన వేయాలి, దాని మీద తెల్లటి పూత. దుమ్ము పడితే పూత పనితనం తగ్గుతుంది, అప్పుడప్పుడు కడగాల్సిందే.

అపోహ: ఫ్యాన్ గదిని చల్లబరుస్తుంది.

వాస్తవం: ఒంటిమీద చెమట ఆర్పుతుంది, అంతే. ఖాళీ గదిలో తిరిగితే మోటారు వేడి అదనం.

అపోహ: కిటికీలు పెద్దవైతే గాలి దానంతటదే వస్తుంది.

వాస్తవం: వచ్చిన గాలి పోవడానికి ఎదురుగానో పక్కగోడకో ఇంకో దారి ఉండాలి. పొడి ఎండల్లో మిట్టమధ్యాహ్నం తెరిస్తే వచ్చేది వడగాలే. పగలు మూసి, బయట చల్లబడ్డాక తెరవండి.