క్యాప్సూల్‌కి టైమ్ తెలియదు

"సార్, నిద్ర పట్టట్లేదు, మంచి ప్రోబయోటిక్ ఏదైనా రాయండి." ఈ మాట వినని వారం లేదు. మొన్నొక అబ్బాయి కవర్లోంచి మూడు డబ్బాలు తీసి నా టేబుల్ మీద వరసగా పెట్టాడు. మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్. మూడు నెలలుగా అవే మింగుతున్నాడు. "రాత్రి ఎన్నింటికి తింటావు బాబూ?" అన్నాను. "ఒంటిగంటకి బిర్యానీ సార్, నాలుగింటికి ఏది దొరికితే అది."

ప్రోబయోటిక్‌లో ఉండే మంచి బ్యాక్టీరియా మింగితే బాడీ క్లాక్, అంటే నిద్ర, ఆకలి వేళల్ని నడిపే ఒంట్లోని గడియారం, దానంతటదే సర్దుకుంటుందన్నదే అందరికంటే ఎక్కువ డబ్బు వదిలిస్తున్న అపోహ. ఇందులో సగం నిజం ఉంది, చిక్కంతా దానితోనే. పీచు పులిసినప్పుడు పేగుల్లోని బ్యాక్టీరియా బ్యూటిరేట్ లాంటివి తయారుచేస్తుంది. లివర్‌కీ తనదైన ఓ గడియారం ఉంది, దాన్ని నడిపే క్లాక్ జీన్స్ మీద అవి పనిచేస్తాయి. 2015లో షికాగో యూనివర్సిటీ వాళ్లు చూస్తే, అసలు బ్యాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకల్లో వెలుగూ చీకటీ సరిగ్గానే ఉన్నా లివర్ గడియారం గాడి తప్పింది.

మరి ఆ బ్యాక్టీరియాకి టైమ్ చెప్పేదెవరు? చాలావరకు మన కంచమే. 2014లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు క్లాక్ జీన్స్ దెబ్బతిన్న ఎలుకలకి వేళకి తిండి పెడితే, వాటి పేగుల్లో బ్యాక్టీరియా లయ తిరిగొచ్చింది. అమెరికా నుంచి విమానంలో వచ్చిన ఇద్దరి మలం జెట్‌లాగ్‌లో (టైమ్ తేడాకి ఒళ్లు ఇంకా అలవాటుపడక ముందు) ఉండగా తీసి బ్యాక్టీరియా లేని ఎలుకలకి ఎక్కిస్తే, అవి లావెక్కాయి, షుగర్ అదుపు తప్పింది. ఇద్దరే మనుషులు, మిగతాదంతా ఎలుకలు. దీన్ని పట్టుకుని డబ్బా మీద 'క్లాక్ రీసెట్' అని రాసి అమ్మడం ఏమిటో నాకర్థం కాదు.

ఉద్యోగం మానేయమని నేను చెప్పను, ఈఎంఐలు నాకూ తెలుసు. పెద్ద భోజనం డ్యూటీకి వెళ్లేముందే కానివ్వండి. నడిరాత్రి ఆకలేస్తే తేలిగ్గా తినండి. సెలవురోజు కూడా ఆ వేళల్ని మరీ తలకిందులు చేయకండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం మీ డాక్టర్ని అడగకుండా భోజనం వేళ మార్చొద్దు. (మెడికల్ పీజీ చదివేటప్పుడు నేనూ రాత్రి రెండింటికి క్యాంటీన్ పరోటాలు లాగించినవాణ్నే. ఆ ఎసిడిటీ ఇప్పటికీ గుర్తే.)

నిద్రతో సంబంధమున్న సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువగా పేగుల్లోనే తయారవుతుంది కాబట్టి పెరుగు తింటే నిద్ర వస్తుందంటారు. పేగుల్లో తయారైన సెరటోనిన్ మెదడులోకి వెళ్లదు. పెరుగు ఇష్టమైతే తినండి, అంతే. పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే మలం టెస్ట్ కిట్ కూడా మీ గడియారం ఎంత చూపిస్తోందో చెప్పజాలదు, ఆ బ్యాక్టీరియానే పొద్దునొకలా సాయంత్రమొకలా ఉంటుంది. 'గట్ (పేగులు) పాడైపోతుంది' అన్న భయంతో యాంటీబయోటిక్ మధ్యలో ఆపేవాళ్లని చూస్తే మాత్రం నాకు నిజంగా టెన్షన్.

ఆ నైట్ షిఫ్ట్ అబ్బాయికీ తిండి వేళల గురించి ఇదే చెప్పాను. నెల తర్వాత వచ్చాడు. ఉబ్బరం తగ్గిందట, నిద్ర ఇంకా ఐదు గంటలే. ఆరా తీస్తే తేలిందేమిటంటే, పడుకునే గదికి తూర్పు కిటికీ, దానికి కర్టెన్ లేదు. మెదడులో ఉన్న అసలు గడియారం వెలుగుని చూసే కదా నడిచేది! ఈ నెల డబ్బాల డబ్బుతో మందపాటి కర్టెన్ కొనుక్కోమన్నాను.