సేక్ గ్రామం నుంచి బుడాపెస్ట్‌కు: హంగేరియన్ జానపద నృత్యోద్యమ నేపథ్యం

హంగేరియన్ భాష ఒక్క ముక్క రాకపోయినా ఆ జానపద సంగీతం మీద, నృత్యం మీద జీవితమంతా మమకారం పెంచుకున్నవారు అమెరికాలోనూ జపాన్‌లోనూ ఉన్నారు. వేదిక మీది ప్రదర్శన చూసినంత మాత్రాన కలిగే అభిమానం అంతకాలం నిలవదు. వారిని పట్టి ఉంచినది ‘తాంత్స్‌హాజ్’, అంటే ఎవరైనా వచ్చి నేర్చుకుంటూ ఆడగలిగే నాట్యశాల. పరిరక్షణకు ఆదర్శప్రాయమైన పద్ధతిగా యునెస్కో 2011లో దీన్ని గుర్తించింది.

ఈ కథకు మూలాలు పాటల సేకరణలో ఉన్నాయి. 19వ శతాబ్దం చివర బేలా వికార్ ఫోనోగ్రాఫ్‌తో పల్లెలకు వెళ్లగా, 1905 నుంచి స్వరకర్త జోల్తాన్ కొదాయ్, ఆ వెంటనే మరో స్వరకర్త బేలా బార్తోక్ ఆ పనిని శాస్త్రీయ స్థాయికి తీసుకెళ్లారు. 1907లో ట్రాన్సిల్వేనియాలోని చీక్ ప్రాంతంలో బార్తోక్‌కు దొరికిన ఐదు స్వరాల ప్రాచీన బాణీలు హంగేరియన్ సంగీత చరిత్రపై అప్పటివరకు ఉన్న అవగాహననే మార్చాయి. ఇంతటి మహత్తర కృషిలోనూ దృష్టి ప్రధానంగా పాట మీదే నిలిచిందని, రాత్రంతా నృత్యానికి వాయించే పల్లె వాద్యబృందం చాలావరకు పక్కనే ఉండిపోయిందని నా అభిప్రాయం. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కుదిరిన 1920 నాటి ట్రియనాన్ ఒప్పందంతో ట్రాన్సిల్వేనియా రుమేనియాకు వెళ్లిపోవడంతో ఆ సంపదకూ బుడాపెస్ట్‌కూ మధ్య సరిహద్దు లేచింది.

వాద్యబృందాలను పట్టించుకోని ఆ లోటును తీర్చినవాడు జానపద సంగీత పరిశోధకుడు లాస్లో లైతా. ఆయన 1940-41లో ట్రాన్సిల్వేనియాలోని సేక్ గ్రామపు వాద్యసంగీతాన్ని రికార్డు చేయించి, ప్రతి వాద్యం ఏం వాయిస్తున్నదో విడివిడిగా స్వరలిపిలో రాసి, 1954లో ప్రచురించాడు. సేక్‌లో యువకులు ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకుని, వాద్యకారులను కుదుర్చుకుని నాట్యం చేసేవారు. వయొలిన్ రాగాన్ని నడిపిస్తే, మూడు తీగల వయోలా, అంటే ‘కొంత్రా’, లయను మోసేది. దాని తీగలను మోసే గుర్రం (బ్రిడ్జి) పైభాగం చదునుగా ఉంటుంది కాబట్టి ఒకే కమాను లాగుడులో మూడు తీగలూ కలిసి పలుకుతాయి. అడుగు వేసేవాడి బరువు ఆనేది ఈ వాద్యం మీదే అనిపిస్తుంది.

1970ల ఆరంభంలో వాస్తుశిల్ప విద్యార్థులైన ఫెరెంత్స్ షెబో, బేలా హల్మోష్ లైతా పుస్తకంతో ఈ సంగీతాన్ని సాధన చేసి, ఆపై సేక్‌కే వెళ్లి అక్కడి వాద్యకారుల వద్ద నేర్చుకున్నారు. ప్రభుత్వ బృందాలు పెద్ద ఆర్కెస్ట్రాలతో, ముందే కూర్చిన అడుగులతో చేసే ప్రదర్శనలకు అలవాటుపడిన బుడాపెస్ట్ నగరంలో, 1972 మే 6న సేక్ పద్ధతిలో తొలి తాంత్స్‌హాజ్ జరిగింది. మొదట నృత్యబృందాల సభ్యులకే పరిమితమైన ఆ కూడికను అందరికీ తెరిచి, తెలియనివారికి నేర్పించే మార్గం వేసింది నృత్యదర్శకుడు షాందోర్ తీమార్.

ఆయన పద్ధతికి ఆధారం ద్యోర్ద్ మార్తిన్ పరిశోధన. పల్లెల్లో నృత్యాలను ఫిల్ముపై చిత్రించి, అడుగడుగునూ లిపిబద్ధం చేసిన మార్తిన్, ట్రాన్సిల్వేనియాలోని కలొతసెగ్ ప్రాంతానికి చెందిన ఇష్త్వాన్ మాత్యాష్ అనే ఒక్క నర్తకుడి ‘లెగేన్యెష్’ మీద సంపూర్ణ గ్రంథమే రాశాడు. పురుషుడు ఒంటరిగా, కాళ్లు చరుస్తూ చేసే ఆ నృత్యంలో నర్తకుడు తనకు తెలిసిన అంశాలను అప్పటికప్పుడు ఎలా కూర్చుకుంటాడో ఆ పరిశీలన వల్లే తెలిసింది. అందుకే తాంత్స్‌హాజ్‌లో కంఠస్థం చేసిన వరుస కాక, నృత్యపు వ్యాకరణం నేర్పడం సాధ్యమైంది. 1983లో మార్తిన్ మరణించేనాటికి ఆయనకు దాదాపు యాభై ఏళ్లే. ఆ గ్రంథం ఆయన మరణానంతరం వెలువడింది.

రుమేనియా నియంత చౌషెస్కూ కాలంలో ట్రాన్సిల్వేనియా పల్లెకు వెళ్లడం సులువు కాదు. 1974లో వచ్చిన ఉత్తర్వు విదేశీయులకు ఇళ్లలో బస ఇవ్వడాన్ని నిషేధించింది కాబట్టి, ఒక్క రాత్రి ఆశ్రయమిచ్చిన రైతు కూడా శిక్షకు సిద్ధపడాల్సి వచ్చేది. 1989 తర్వాత దారులు తెరుచుకున్నా, అప్పటికే వృద్ధ వాద్యకారులు తగ్గిపోతున్నారు. 1997 నుంచి 2001 వరకు ‘ఆఖరి గడియ’ అనే కార్యక్రమం కింద పల్లె బృందాలను బుడాపెస్ట్‌కు రప్పించి, వారికి తెలిసినదంతా రికార్డు చేశారు. మరోవైపు, జీవితమంతా పాటలు సేకరించిన జోల్తాన్ కల్లోష్ ట్రాన్సిల్వేనియాలోని తన స్వగ్రామం వాలసూత్‌లో స్థాపించిన కేంద్రంలో, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు తమ తాతల నృత్యాలు నేర్చుకుంటున్నారు.