నడుము నొప్పికి ఛాతీ ఎక్స్‌రే ఎందుకు?

చెన్నై ఓఎంఆర్ రోడ్డులోని ఐటీ కంపెనీల్లో పనిచేసే నెల్లూరు, తిరుపతి కుర్రాళ్లలో ఎవరికైనా నడుము పట్టేసిందంటే ముందుగా నింద పడేది కుర్చీ మీదే. కుర్చీ తెచ్చిన నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను జబ్బు తీరు వేరు. తెల్లవారుజామున నిద్ర లేపుతుంది, లేచాక అరగంటకు పైగా నడుము కొయ్యబారిపోతుంది, నాలుగడుగులు తిరిగితే సడలుతుంది. వెన్ను అడుగున, కటి ఎముకతో కలిసేచోట ఉన్న కీళ్లపై సొంత రోగనిరోధక వ్యవస్థే చేసే దాడి ఇది. పట్టించుకోకపోతే కొందరిలో వెన్నుపూసలు అతుక్కుపోతాయి.

చికిత్స వ్యాయామంతో, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ వంటి మాత్రలతో మొదలవుతుంది. నొప్పి మాత్రలే కదా అని తేలిగ్గా చూడకూడదు. ఈ జబ్బులో అవి వాపునూ తగ్గిస్తాయి. కడుపునూ కిడ్నీలనూ గమనించుకుంటూ కొన్ని వారాలు వాడి చూస్తారు. సల్ఫసలజైన్ మాత్ర మోకాళ్లు, చీలమండల వాపుకు పనికొస్తుంది గానీ వెన్నుకు కాదు.

ఇవి చాలనప్పుడు బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే వాపును రగిలించే ప్రోటీన్లను అడ్డుకునే మందులు. వాటికి ముందు ఛాతీ ఎక్స్‌రేతో సహా టీబీ పరీక్షలు చేయిస్తారు. "నడుముకు ఇంజెక్షనైతే ఊపిరితిత్తులకు ఎక్స్‌రే ఏమిటండీ?" అని కొడుకు వెంట వచ్చిన తండ్రి అడిగితే, అది అడగవలసిన ప్రశ్నే.

మన దేశంలో ఎందరి ఒంట్లోనో టీబీ క్రిమి జబ్బు చేయకుండా నిద్రాణంగా ఉంటుంది. రక్షక కణాలు దాని చుట్టూ గోడ కట్టి బంధిస్తాయి. ఆ గోడ నిలబడటానికి టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ కావాలి. వెన్నులో వాపును రగిలించే వాటిలోనూ అదొకటి. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే బయోలాజిక్‌లు ఆ ప్రోటీన్‌ను అడ్డుకుంటాయి. వెన్ను తేలికపడుతుంది, గోడ మాత్రం బలహీనపడుతుంది. అందుకే దాగిన టీబీ బయటపడితే ముందు నివారణ మందు మొదలుపెట్టి, సాధారణంగా ఓ నెల గడిచాక ఇంజెక్షన్ ఇస్తారు. ఇంజెక్షన్ రాదని బెంగపడనక్కర్లేదు, ఆలస్యమవుతుందంతే.

సెక్యుకినుమాబ్ అనే మరో ఇంజెక్షన్ అడ్డుకునేది ఐఎల్-17 అనే వేరే వాపు ప్రోటీన్‌ను. దానితో టీబీ బెడద తక్కువ. అయితే క్రోన్స్ వంటి పేగువాపు జబ్బు ఉన్నవారికి అది తగదు. ఇదే జబ్బుకు వాడే టోఫాసిటినిబ్ ఇంజెక్షన్ కాదు, మాత్రే అయినా టీబీ పరీక్ష తప్పదు. ధర విషయానికొస్తే, అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను (అసలు మందును పోలి అదే పని చేసే మరో కంపెనీ మందును) 2014లో విడుదల చేసింది మన దేశపు జైడస్ కంపెనీయే. అయినా మధ్యతరగతికి ఇవి ఇప్పటికీ బరువే.

ఇంజెక్షన్ పనిచేసి హాయిగా అనిపించగానే చాలామంది వ్యాయామం మానేస్తారు. అప్పటికే అతుక్కున్న ఎముకను ఏ మందూ విడదీయలేదు. మిగిలిన కదలికను కాపాడేది రోజూ చేసే సాగదీతలూ, ఈతా. సిగరెట్ తాగేవారిలో వెన్ను మరింత త్వరగా దెబ్బతింటుంది.